అత్తాకోడళ్ల అంకెలు

హలో… ఆఁ, నేనే వదినా. అవును, మీ విమానాన్ని ఆపిన ఆ వాతావరణ సూచన రాసింది నేనే.

…

ముందు నా మాట వినండి. నా భయమేంటో చెప్పేస్తాను. నేను రాసింది తప్పవుతుందని కాదు. తప్పయితే ఈ వాతావరణ కేంద్రం శిక్షణలోంచి పంపించేస్తారు, ఇవాళే నా పరీక్ష. పంపనీండి. నా భయమల్లా… పొగమంచు వస్తుందని తెలిసి కూడా, మీ మొహమాటానికి రాయకుండా ఊరుకుంటానేమోనని. అందులోనూ ఆ విమానం నా కూతురు, నా చిట్టెలుక, ఎక్కాల్సి ఉండగా!

…

తెలుసు. దాన్ని చూసి పన్నెండు రోజులు. ఆ లెక్క మీరు నాకు చెప్పక్కర్లేదు.

…

ఎండా? అది మీ దగ్గర. విమానం ఎగరడానికి మీ ఎండ చాలు వదినా, దిగడానికి మా నేల కనపడాలి.

…

ఇక్కడా… ఇప్పటికైతే బాగానే ఉంది. అబద్ధమెందుకు? కిటికీలోంచి నీళ్ల ట్యాంకు కనిపిస్తోంది, దాని వెనక మిల్లు గోడ కూడా.

— నవ్వకండి. సోది చెప్పడం కాదిది!

…

ఎలాగంటే… నిన్న సాయంత్రం వాన పడిందా, నేలంతా తడి. ఆ తర్వాత మబ్బు విడిపోయింది. గాలి ఆకు కూడా కదపట్లేదు. మా దగ్గర రెండు అంకెలుంటాయి. ఒకటి, గాలి ఎంత వేడిగా ఉందో చెప్పేది. రెండోది, ఎంతవరకు చల్లబడితే ఆ గాలిలో తడి మంచుగా మారుతుందో చెప్పేది. మొదటిది అత్త, రెండోది కోడలు.

…

నేను పెట్టిన పేర్లు కాదు! మా మాస్టారివి. కోడలు అత్తను దాటదు. దాటిందని రాశామంటే అంకెలు తిరగేశామన్నమాట. మొదటివారం నేను అదే రాస్తే గది గదంతా నవ్వింది. మీ అమ్మకి మాత్రం చెప్పకండి.

…

అదే చెబుతున్నా. ఇద్దరూ ఒక్కటయ్యారో, పొగమంచే. ఇక బయటివాళ్లకి ఏమీ కనపడదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆ ఇద్దరికీ తేడా మూడు డిగ్రీలు. ఐదున్నరకి రెండు. ఇప్పుడు ఒకటి.

…

ఏమన్నారు? …మళ్ళీ అనండి.

…

"చదువు సగంలో వదిలేసినదానివి." విన్నాను. వదల్లేదు వదినా, వదిలించారు. అందరూ కూర్చుని తీర్మానించారు, నేను టీ తెచ్చిచ్చాను. పోనీండి. ఈ చదువు మాత్రం వదలను.

…

తల్లినేనా అంటారా? పరాయి పిల్లలున్న విమానానికైతే రాసి, నా పిల్ల ఉంటే కొట్టేయాలా? ఏ తల్లి చేసే పనది?

…

మాస్టార్ని అడగండి, ఆయన చేతిలోనూ లేదు. సంతకం ఆయనదే. పెట్టేముందు ఒక్కటే అడిగారు, "నిలబడతావా అమ్మాయ్?" అని. నిలబడతానన్నాను. అప్పుడే సంతకం పెట్టారు.

…

మార్చను… లేదు. మీరు ఆఫీసుకి సెలవు పెట్టాల్సొచ్చినా మార్చను. మీ తమ్ముడితో చెప్పించినా —

…

ఒక్క నిమిషం. ఉండండి.

…

వదినా, మిల్లు గోడ లేదు.

…

లేదంటే లేదు! ఇప్పటిదాకా ఉంది. ట్యాంకు ఉంది గానీ… దాని కాళ్లు లేవు. పైన గుండు ఒక్కటే తేలుతోంది.

…

సంతోషమెందుకు? రావాల్సిన పిల్ల రాలేదు. కానీ తొమ్మిదింటికి విడిపోతుందని కూడా రాశాను. అదీ నా రాతే. పదిన్నరకల్లా ఇక్కడుంటారు, చూసుకోండి.

…

ఎవరు? అత్తయ్యా?

…

కౌంటర్ దగ్గర అందరూ అరుస్తుంటే… ఆవిడన్నారా ఆ మాట? "అది నా కోడలు రాసింది, వెళ్ళి కూర్చోండి" అనా? ఎప్పుడు?

…

మీరు నాకు ఫోన్ చేయకముందే!

…

లేదు, ఏడవట్లేదు. గాల్లో తడి ఎక్కువగా ఉంది, అంతే.

…

చెప్పానుగా. ఇద్దరూ ఒక్కటైతే ఇంతే.

…

ఆఁ, ట్యాంకు కూడా పోయింది. రాయాలి, మాస్టారు పిలుస్తున్నారు. ఉంటాను — ఆగండాగండి! పెట్టేయకండి. చిట్టెలుక అత్తయ్య ఒళ్లో పడుకుందన్నారు కదా. అది పడుకుంటే ఆవిడ కదలరు. కాళ్లు తిమ్మిరెక్కినా నోరు విప్పరు. కాస్త వెళ్ళి అత్తయ్యని చూడండి వదినా. నేను అడిగానని మాత్రం…