ఎదురుగాలికి ఇరవై అయిదు నిమిషాలు

వేదికమీదున్న అధ్యక్షులవారికి, ఒకప్పటి మా మేనేజరు, ఈనాటి ముఖ్య అతిథిగారికి, పెద్దలకు, టైంటేబుల్ విభాగంలో అంకెలు చూసి చూసి నాతోపాటు కళ్ళజోళ్ళు తెచ్చుకున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ్టితో ముగిసే ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నా చేతిమీదుగా ఒక్క తప్పు అంకె కూడా పోలేదని ఇప్పుడే సన్మానపత్రం చదివారు. రాసినవారు మంచివారే, కానీ నన్నొక మాట అడగాల్సింది. ఒకటి పోయింది.

మన విమానాశ్రయంనుంచి పడమటి తీరంలోని విమానాశ్రయానికి పదకొండు వందల ఎనభై కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు గాలి ఎదురొస్తుంది, రెండు గంటల పది నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, గంటా నలభై అయిదు చాలు. పదకొండేళ్ళ కిందట ఈ లెక్క పట్టుకెళితే మేనేజరుగారు, ఆయనకి గుర్తుందో లేదో, "దూరం ఒక్కటే అయినప్పుడు టైము రెండు రకాలెలా ఉంటుందయ్యా? నేను ఆఫీసుకొచ్చినా ఇంటికెళ్ళినా అరగంటే" అన్నారు. (నవ్వులు) నవ్వండి, ఆ రోజు నేనూ నవ్వాను. నవ్వి, సీటుకొచ్చి, రెండు గళ్ళలోనూ గంటా నలభై అయిదే వేసి సంతకం పెట్టాను.

ఆ సర్వీసు నడిపిన కెప్టెన్ మా ఆవిడకి స్వయానా అన్నగారు. ఎనిమిది నెలలపాటు రోజూ ఆలస్యంగా దిగారు. నత్త కెప్టెన్ అని పేరు పెట్టారు మనవాళ్ళు, పెట్టినవాళ్ళు కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ ఆలస్యాలమీద జరిగిన విచారణలో నన్ను పిలిచి, వేసిన టైము సరిపోతుందా అని అడిగారు. మేనేజరుగారు నావైపే చూస్తున్నారు, ఆ వారమే నా ప్రమోషన్ ఇంటర్వ్యూ.

"సరిపోతుందండి" అన్నాను.

బావగారిని విమానం దింపి శిక్షణ విభాగంలో కుర్చీ వేశారు. మళ్ళీ ఎక్కనివ్వలేదు. మరుసటేడు అదే మేనేజరుగారు చప్పుడు చెయ్యకుండా నాచేతే వెళ్ళేటప్పటి టైమును రెండు గంటల పదికి మార్పించారు. విమానాలన్నీ ఠంచనుగా దిగాయి, సమయపాలనకి మన విభాగానికి బహుమతి కూడా వచ్చింది. మెట్లదగ్గరున్న ఫొటోలో పళ్ళికిలిస్తున్నది నేనే. బావగారు మాత్రం మా గుమ్మం తొక్కడం మానేశారు. మా అన్నయ్య ఎందుకు రాడని మా ఆవిడ అడిగినప్పుడల్లా, ఆయనకి పట్టింపులెక్కువ అని చెబుతూ వచ్చాను.

ఇవాళ చెల్లెలు బతిమాలితే వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నారు. బావగారూ, మీరు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. నేను తప్పు టైము వేశాను, అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ఈ మాటలే కాగితంమీద రాసి ఇప్పుడే అధ్యక్షులవారి చేతికిచ్చాను, మీ ఫైల్లో పెట్టమని. మీరు రిటైరైపోయాక, నాకిక పోయేదేమీ లేని రోజు చూసుకుని చెబుతున్నాను. దీన్ని ధైర్యమని ఎవరూ అనకండి.

(ఆఖరి వరసలో ఒకాయన లేచి బయటికి నడిచారు.)

వెళ్ళనివ్వండి, ఆపకండి. మా ఆవిడ కూడా లేచింది. అన్నగారితోనే వెళుతోంది. వెళ్ళాల్సిందే.

ఇంకా కూర్చున్న మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.