వాళ్ళ తాత చెప్పినాడంట!

ఏందీ? వెల్డన్ సాబ్‌కు ఆ మాట వాళ్ళ తాత నేర్పినాడంటనా? ఆ ముక్క ఇంకోసారి చదువు శ్యాంప్రసాద్ సార్! ఆయన ఎలక్షన్ గెలిచిన వార్త, కంప్యూటర్లో నుంచి తీసిన కాగితమే కదా, నువ్వు కల్పించి చెప్పడం లేదు కదా?

"ఓటరు నీ చేయి వదిలేదాకా నువ్వు వదలొద్దు." యా అల్లా! ఆ మాట నాది సార్, ఈ సనావుల్లాది! సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

నువ్వు నిన్నగాక మొన్న ఈ దుబాయ్ ఆఫీసుకొచ్చినావు, నీకు తెలీదు. ఇప్పుడున్న ముదీర్, అదే ఈ మేనేజర్ కంటే ముందు ఆ వెల్డన్ సాబే ఇక్కడ పెద్ద. మూడేండ్లు ఆయన కారు తోలింది నేనే. ముత్తాత గవర్నరంట, తాత సెనేటరంట, నాయనది కూడా ఏదో పెద్ద పదవే. ఆస్తి సంగతి చెప్పే పనే లేదు. అమెరికా పోయి ఆ గద్దె ఎక్కాలని ఈయనకూ ఆశ. కానీ మనుషులంటే బెదురు సార్! చేయి కలిపితే చచ్చిన చేపను పట్టుకున్నట్టుండేది.

షార్జా నుంచి దుబాయ్ దాకా పొద్దున్నే ట్రాఫిక్ జామ్. కారు కదిలేది కాదు. వెనక సీట్లో ఆయన గొణుక్కుంటా స్పీచ్ బట్టీ పట్టేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పినా. సాబ్, స్పీచ్ గీచ్ తర్వాత. ముందు మనిషి పేరు అడుగు. తాగడానికి ఏమిచ్చినా చెంబు అంచు తుడవొద్దు, తాగెయ్. చేయి మాత్రం వాళ్ళే వదలాల.

నాకెట్ల తెలుసునా? మా కడప పక్క మా తాత ఎమ్మెల్యే జీపు తోలినాడు సార్. ఆ ఎమ్మెల్యే కొడుకూ ఎమ్మెల్యే అయితే, ఆయన అంబాసిడర్ మా అబ్బ, అంటే మా నాయన, తోలినాడు. వాళ్ళు ఓట్లడిగేది మేము స్టీరింగ్ కాడ కూర్చోని చూసినాం.

అప్పట్నుంచి రెడ్ సిగ్నల్ పడితే చాలు, వెనక నుంచి చేయి చాపేవాడు. నేను ఓటరు, ఆయన క్యాండిడేటు! వెనక బండ్లు హారన్లు కొట్టి చచ్చిపోతున్నా వదిలేవాడు కాదు.

ఇప్పుడు గెలిచినాడు. సంతోషమే. ... కాదు సార్, అబద్ధమెందుకు? కడుపు రగిలిపోతాంది! అమెరికా పోయేనాడు ఎయిర్‌పోర్టులో నా చేయి పట్టుకున్నాడు. ముందు ఎవరు వదిలినారో తెలుసునా? ఆయనే. నాకు ఓటు లేదు కదా!

నవ్వొద్దు సార్. ఇంకోటి చెప్తా, ఎవరితో అనొద్దు.

మొన్న పంచాయతీ ఎలక్షన్లలో నా కొడుకు ముబారక్ వార్డు మెంబరుకు నిలబడినాడు. మా వంశంలో వాడే మొదటోడు. "అబ్బా, నువ్వు అంతా చూసినోడివి. ఓట్లు ఎట్ల అడగాలో నాలుగు మాటలు చెప్పు" అని నేను ఫోన్ చేసినప్పుడు అడిగినాడు. ఫోన్ కార్డు అయిపోయిందిరా అని పెట్టేసినా.

కార్డులో ఇంకా ఇరవై నిమిషాలుండె.

ఏమో సార్! మా తాత డోరు తీసినాడు, మా అబ్బ తీసినాడు, నేను తీస్తాండా. వీడు మాత్రం కారు దిగేటోడు కావాల్నా అనిపించింది. కన్నకొడుకు మీద కుళ్ళు! తెల్లోనికి ఊరికే చెప్పిన మాట వాడికి చెప్పలేకపోయినా. ఎనిమిది ఓట్లతో ఓడిపోయినాడు. "పోనీలే అబ్బా, కార్డు అయిపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని నాకే ఓదార్పు చెప్పినాడు.

సరే, ఖలాస్. ఆ కాగితం లోపల పెట్టెయ్ సార్. ముదీర్ దిగొస్తాన్నాడు, పోయి డోరు తీయాల.