కాకి ముట్టిన మాట

(1984. ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఊరు. రెండు వర్గాల రాజీకి ముందురోజు. హత్యకు గురైన మద్దిలేటి భార్య గోవిందమ్మ ఇంటికి అతని అన్న ఓబయ్య వచ్చాడు.)

“‘చూడ్లేదు’ అంటే చాలు గోవిందమ్మా. ఒక్క మాట.”

“చేని గట్టు మింద నిలబడి చూసినా బావా. తిరిగొచ్చి మనూరి కాడ బస్సు దిగినోన్ని దిగినట్టే నరికినారు.”

“సాక్షివి నువ్వొక్కదానివే. సోమవారం మెజిస్ట్రేటు కాడ ‘చూడ్లేదు’ అను. కేసు పోతాది. రేపు యాగంటిలో ఇద్దరు పెద్దలూ ప్రమాణం చేస్తారు. నంద్యాల నాయకుడు మూడు నెల్లు తిరిగి కుదిర్చినాడు.”

“యాగంటిలోనే ఎందుకంట?”

“దేవుని ముందర...”

“ముని శాపమంట, ఆడ కాకి వాలదు. సచ్చినోల్లు వచ్చి వినరనా?”

“ఎగతాళా? నువ్వు నోరు తెరిస్తే ఎన్ని తలకాయలు తెగుతాయో తెల్సా?”

“పిండం కాడ ‘తలకు తల తీస్తాం తమ్ముడా’ అన్యావే, కాకి వచ్చిందా?”

“ఇప్పుడదెందుకు?”

“వచ్చిందా?”

“రాలే.”

“మన వర్గం పెద్దాయన ‘నీ పెండ్లాం పిల్లోల్లను చూసుకుంటా’ అన్యాడు. వచ్చిందా?”

“గోవిందమ్మా...”

“నేను ‘చూసింది చూసినట్టు చెప్తా’ అన్యా. రెక్కల సప్పుడు నీకూ ఇనపడింది.”

“కాకిని నమ్ముకోని ఊరు తగలబెడతావా? రాజీ అయితే ఊరిడిసి పోయిన మగోల్లంతా ఇండ్లకొస్తారు.”

“రానీ. నేనొద్దంటినా? చంపినోడు జైల్లో ఉంటే రాజీ నిలబడదా?”

“వాడు వాల్ల మనిషి. వాల్లు ఒప్పుకోరు.”

“వాల్ల మనిషికి వాల్లు పట్టుబడతాండారు. సచ్చింది మన మనిషి. మన పెద్దాయన ఎందుకు పట్టుబట్టడు?”

“ఎలక్షన్లొస్తాండాయి...”

“నలుగురు ఎనక లేందే గడప దాటని నీ తమ్ముడు, ఆ పొద్దు బేతంచెర్లకు ఒంటిగా ఎట్ల పోయినాడు బావా?”

“నాకేం తెల్సు?”

“చెమటలెందుకు పడతాండాయ్?”

“ఉక్క. నీతో మాటలేంది నాకు! సోమవారం జీపు పంపిస్తా. ఎక్కు.”

“జీపొద్దు. నిన్ననే ఎర్రబస్సెక్కి నంద్యాలకు పోయినా. మెజిస్ట్రేటు రాసుకున్యాడు. ఏలిముద్రా ఏసినా.”

“ఏయ్! ఏం చెప్పినావ్?”

“నరికినోని పేరు.”

“అంతేనా?”

“‘ఈ పొద్దు నీ ఎనక ఎవరూ వద్దు, ఒక్కనివే పో’ అని ఆయప్పను బస్సెక్కిచ్చినోని పేరు కూడా. నేను పొయ్యి కాడ సంగటి కెలకతాండా, ఇనపడింది.”

“ఎవ... ఎవరని చెప్పినావ్?”

“ఓబయ్య అన్యా. ‘ఇంటిపేరేంది?’ అని అడిగినారు. మాదే అన్యా.”