అక్క చెప్పిన సీరియల్

చెల్లెలు మూడు రోజులుగా ఫోన్లో ఓ పాత సీరియల్ వదలకుండా చూస్తోంది. చిన్నప్పుడు వాళ్ళింట్లో టీవీ లేదు. అక్క ప్రతి ఆదివారం పక్కింట్లో ఆ సీరియల్ చూసొచ్చి ఆమెకు కథ చెప్పేది. ఇప్పుడు అక్క పక్కనే కూర్చుని మిషన్ మీద చొక్కా కుడుతోంది.

"అక్కా, ఈ నర్సు పిల్ల తొమ్మిదో వారంలోనే చచ్చిపోయిందేమిటే?"

మిషన్ ఆగింది.

"అంతదాకా చూసేశావా?"

"ఆమెకి తగ్గింది, మళ్ళీ ఉద్యోగంలో చేరింది, ఓడెక్కి వెళ్ళిందని కదా చెప్పావు. ఇందులో అసలు ఓడే లేదు."

"ఓడ నేను పెట్టిందే. నాకు ఓడలంటే ఇష్టం."

"ఎందుకే అన్ని అబద్ధాలు?"

"అప్పుడు నువ్వూ అదే జబ్బుతో మంచం పట్టావు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, 'ఆమెకి తగ్గిందా?' అని అడిగావు. పన్నెండేళ్ళదాన్ని, ఏం చెప్పమంటావు?"



"అమ్మకి తెలుసా?"

"తెలియకేం. తలుపు చాటున నిలబడి తనూ వినేది. ఓ వారం నాకేమీ తోచకపోతే, ఆ ఉద్యోగం సంగతి తనే అందించింది."

"మరి నాకు తగ్గాక సీరియల్ అయిపోయిందన్నావు."

"నువ్వు బడికెళ్ళడం మొదలుపెట్టావు. ఆ నర్సు ఊసే ఎత్తలేదు. ఇంకెవరికని చెప్పను?"

చెల్లెలు ఫోన్ ఆపి బల్ల మీద బోర్లించింది.

"ఇప్పుడు చెప్పు."

అక్క చొక్కా పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎంతవరకు వచ్చాం మనం?"