నాగన్న రక్తానికి బోరు బండి

పెద్దమందడి బస్టాండు కాడ పార్వతమ్మ చాయ్ హోటల్ల యోసేపు అడిగింది ఒక్క ముచ్చటే.

"నాగన్నా, పట్నంల మందుల కంపెనీకి రేపు నన్ను తీస్కపోతనంటుండు ఏజెంటు. కొత్త గోలీలు మింగుడు, రక్తమిచ్చుడే పనంట. నువ్వు పోయొచ్చినవు గద. పోవాల్నా, వద్దా?"

అవునో కాదో చెప్తే అయిపోతుండె. నాగన్న గ్లాసు కింద పెట్టి, తువ్వాల దులిపి భుజాన ఏసుకున్నడు. "అయిపాయె, ఇగ మొదలువెట్టిండు" అని పార్వతమ్మ పొయ్యి దిక్కు తిరిగింది. నాగన్నతోటే ఆ కంపెనీకి పోయొచ్చిన గోవిందు మూల బల్ల మీద కూసోని తలకాయ ఎత్తలే.

"జర నిమ్మలంగ ఇను యోసేపూ. మూడో అంతస్తుల మంచం మీద పండవెట్టి నాకొక గోలి ఇచ్చిండ్రు. మింగిన. గంటకోపారి రక్తం తీస్తమన్నరు. తియ్యుండ్రి అన్న. కండ్లు గూడ మూయలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెల్వదు. పోవాల్నా, వద్దా?"

"గదే చెప్తున్న! సూది వంగింది. ఇంకోటి తెస్తే అదీ వంగింది. పదకొండు సూదులు! నర్సమ్మ ఏడ్వవట్టె. పెద్ద డాక్టరు ఉరికొచ్చి, నా చెయ్యి ఒత్తి చూసి, 'ఈయన రక్తం లోతుల ఉన్నది, బోరు బండి పిలువుండ్రి' అన్నడు."

"మూడో అంతస్తుకు బోరు బండి ఎట్ల ఎక్కిందే?" అన్నది పార్వతమ్మ.

"గోడ పగలగొట్టిండ్రు. నడుమల అడ్డం రావద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు! మూడొందల ఫీట్లకు రక్తం పడ్డది. ఒక్క చుక్క మిషిన్ల పోస్తే కంప్యూటరు గడగడ వణికి, 'నాతోని కాదు నాగన్నా' అని తెలుగుల రాసింది. ఇంకో చుక్క ఎలుకకు ఎక్కిచ్చిండ్రు. తెల్లారేసరికి ఎలుక బర్రెదూడంతైంది! పింజరా ఇరగ్గొట్టి వాచ్‌మన్‌ను గేటు దాంక తరిమింది. ఈపు మీద రెండు పల్లికాయ బస్తాలేస్తే..."

"ఎలుక సంగతి ఎందుకే! నన్ను సంతకం పెట్టుమంటుండు ఏజెంటు..."

"సంతకమా? ఆడికే వస్తున్న. నా ముంగట ఇరవై పేజీల ఇంగ్లీషు కాయితం పెట్టిండ్రు. 'మనిషికి తెల్వని భాషల రాసి, మనిషి మీద మందు పని చూస్తరా? ఎలుక కన్న అధ్వానమా మేము?' అని బల్ల మీద ఒక్క గుద్దు గుద్దిన. ఢిల్లీల కిటికీలు ఊగినయ్. సైంటిస్టులంత విమానం దిగొచ్చి చేతులు కట్టుకొని నిలవడ్డరు. 'నువ్వెట్లంటే గట్ల కానూను రాస్తం' అన్నరు. రాసిండ్రు. నేను రెండు తప్పులు దిద్ది..."

"నాగన్నా." గోవిందు బల్ల పట్టుకొని లేచిండు. "నువ్వు గోలి మింగలే."

పార్వతమ్మ పొయ్యి కాడికెల్లి ఇటు తిరిగింది.

"మొదటి దినమే పరీక్ష చేసి, నీకు రక్తం తక్కువున్నదని ఎనక్కి పంపిండ్రు. మింగింది నేను. ఇంటికొచ్చినకాడికెల్లి కాళ్ళు వాస్తున్నయ్, పార పట్టస్తలేదు. ఏం గోలి మింగినవని పాలమూరు దవాఖానల డాక్టరు పోయినప్పుడల్ల అడుగుతడు. నాకు పేరు తెల్వదు. ఆ కాయితం ఎవరూ సదివి చెప్పలే, ఏలుముద్ర ఏపిచ్చుకున్నరు. నకలు ఇయ్యుమని పోతే గేటు దాటనియ్యలే. పేరు తెల్వకుంట ఏం మందు రాయాలె అని ఆ డాక్టరుకు ఇసుగు, నాకు ఇసుగు. ఆడ ఏ బల్లా ఎవరూ గుద్దలే నాగన్నా."

నాగన్న భుజం మీది తువ్వాల తీసి ఒడిల పెట్టుకున్నడు.

"ముందే చెప్పొద్దా గోవిందూ..." అన్నడు.

"సందిచ్చినవా నువ్వు?"

యోసేపు ఫోను తీసి ఏజెంటుకు కలిపిండు. "అన్నా, ఆ కాయితం తెలుగుల రాపిచ్చుకొని రా. గోలి పేరు గూడ ఉండాలె. పార్వతమ్మ హోటల్ల అందరి ముంగట సదివినంకనే నేను బస్సెక్కేది." అవతల ఏజెంటు ఒర్రుతనే ఉన్నడు. యోసేపు ఫోను జేబుల పెట్టుకున్నడు.

నాగన్న తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. "గోవిందూ, రేపు పట్నం పోదం పా. నేనొస్త నీ ఎంబడి. ఆ గోలి పేరు అడుగుదం."

గోవిందు వాచిన కాళ్ళు ఈడ్సుకుంట ఆయన దగ్గరికొచ్చిండు.

"రా. కానీ అడిగేది నేను. నువ్వు నోరు తెరవకు."