ఆవిరక్క పాఠంలో లోపం

"ఆవిరక్కా! ఓ ఆవిరక్కా! ఆగవే తల్లీ, ఆ సంచి కింద పెట్టు. నీ వెనకాల మెట్లన్నీ పరిగెత్తలేక ప్రాణం పోతోంది.

ఏంటలా చూస్తావు, ఎవరో దారిన పోయేదాన్ని చూసినట్టు? పద్నాలుగేళ్ళు ఈ ఆసుపత్రిలో ఆపరేషన్ సామానుకి ఆవిరి పట్టి పట్టి, అసలు పేరే పోయి ఆవిరక్కవైపోయావు. ఎవరితోనూ ఒక్క మాటైనా చెప్పకుండా ఉద్యోగం వదిలి వెళ్ళిపోతావా?

సూపరింటెండెంటు గదిలో ఏమన్నావట? 'పిల్లకి నేర్పడంలో లోపం నాదే' అన్నావట! ఎవరు చెప్పారంటావా? తలుపు దగ్గర ఆయా విన్నదిలే. నీ నేర్పడంలో లోపమా? నీదా?

చేరిన రోజున నన్ను సింకు ముందు నిలబెట్టి ఏం చెప్పావు? 'పిల్లా, పైన మెరిసిందని మురిసిపోకు. నెత్తురు కత్తెర కీలులో దాక్కుంటుంది. బ్రష్ పెట్టి తోమకపోతే ఎంత ఆవిరి పట్టినా దండగే' అన్నావు. 'నా పళ్ళు కూడా ఇంత శ్రద్ధగా తోమనక్కా' అన్నాను. 'తెలుస్తూనే ఉందిలే, కాస్త దూరంగా నిలబడి మాట్లాడు' అన్నావు. అందరూ ఒకటే నవ్వు!

తోమడం, కడగడం, ఆరబెట్టడం, కత్తెరల నోళ్ళు తెరిచి గుడ్డలో చుట్టడం... నిద్రలో లేపి అడిగినా చెప్తానే!

ఆ బాలింత కాన్పు ఆపరేషన్‌కి వెళ్ళిన సామాను మూట కట్టింది నేను. సంతకం నీది. కొత్తవాళ్ళు కట్టిన మూటకి నేర్పినవాళ్ళే సంతకం పెట్టాలాయె. మూటకి అంటించిన టేపు మీద గీతలు నల్లబడ్డాయి, ఆవిరి బాగానే పట్టిందన్న గుర్తు. ఆపరేషన్ మధ్యలో పట్టుకారు బిగుసుకుపోతే అప్పుడు చూసింది నర్సమ్మ. కీలు సందులో ఎప్పటిదో ఎండిన నెత్తురు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. కుట్లు చీము పట్టి ఆ తల్లి ఒళ్ళు కాలిపోతోంది. బిడ్డని తలుపు అద్దంలోంచే చూపిస్తున్నారు. నిన్న నేనూ చూశానక్కా. బిడ్డ వైపు చెయ్యెత్తబోయింది. ఎత్తలేక, దుప్పటి మీద వేళ్ళు మాత్రం కదిపింది. ఆ వేళ్ళు... నాకు అన్నం సహించట్లేదు.

వద్దు, కళ్ళు తుడవకు. 'చిన్నదానివి, తెలియక చేశావు' అని మాత్రం అనకు. నీకు దణ్ణం పెడతాను.

తెలియకేం?

ఆ రోజు నాలుగింటికి అంబులెన్సు హారన్ రెండుసార్లు మోగింది. ఆ డ్రైవరు నాకోసమే కొడతాడని నా పిచ్చి. నువ్వు తిడతావని ఎప్పుడూ చెప్పలేదు. చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. అతనేమో గేటు దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది. తిరిగొచ్చేసరికి తొట్టిలో ఒక్క పట్టుకారు మిగిలి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. ఊరికే నీళ్ళలో ముంచి, తీసి, మూటలో పెట్టేశాను.

లోపలినుంచి నువ్వు అడిగావు గుర్తుందా, 'అన్నీ తోమావా పిల్లా?' అని.

తోమాననే చెప్పాను.

తోమలేదక్కా. తెలిసే, నీకు అబద్ధం చెప్పాను."