ఏడో నంబరు దగ్గర

ఎందుకు వెనక్కి తిప్పావు నాన్నా? ఇవాళ కూడానా? ఇన్ని రోజులుండగా ఇవాళే దొరికిందా నీకు?

తల వంచుకుని ఆ బూట్ల మీద ఉప్పు గీకుతూ కూర్చోకు. అవి రేపు మళ్ళీ ఉప్పు పట్టేవే. ఇటు చూడు. అరవడానికి రాలేదు నేను. అంటే... అరవడానికే వచ్చాననుకో. కొత్త గాలిమరల మీద పెట్టిన విచారణ హాలు నుంచి దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూనే వచ్చాను. తీరా గుమ్మంలో నీ మొహం చూశాక సగం మర్చిపోయాను.

పొద్దున అల ఎంతుంది? పెద్దదేం కాదు. కంపెనీ నిబంధన ప్రకారం పడవ వెళ్ళొచ్చు, మనిషి ఎక్కొచ్చు. నువ్వూ వెళ్ళావు. పడవ ముక్కు తీసుకెళ్ళి ఏడో నంబరు గాలిమర స్తంభానికి ఆనించావు. మెకానిక్కు సంచీ తగిలించుకుని, నిచ్చెన వైపు చెయ్యి చాపి నించున్నాడు. నువ్వు 'ఎక్కు' అనాలి. చక్రం దగ్గరున్న సరంగు ఎక్కు అంటేనే గానీ పడవ మీద నుంచి ఎవరూ కాలు తియ్యకూడదు. అది అక్కడి నియమం. ఒక అల పోయింది. ఇంకో అల పోయింది. నువ్వు అనలేదు. ఇంజను వెనక్కి తిప్పేశావు.

అతనే చెప్పాడులే. చాడీలా కాదు. "మీ నాన్నగారు నా కాలి వంకే చూశారండీ" అన్నాడు. అంతే.

అక్కడ మార్చాల్సింది ఏంటో తెలుసు కదా? గాలి ఎటు నుంచి వస్తోందో కనిపెట్టే పరికరం. పిడికిలంత ఉంటుంది. అదే నేల మీదైతే టీ తాగి వచ్చేలోపు బిగించేసేవాళ్ళు. ఆ పిడికిలంత దాని కోసం అంతెత్తు యంత్రం వారాల తరబడి దిష్టిబొమ్మలా నించుంది.

సముద్రంలో పెట్టినందుకు వచ్చిన చిక్కే అది. గాలి బాగా వీచిన రోజు పడవ వెళ్ళడానికి ఉండదు. పడవ వెళ్ళగలిగిన రోజు గాలే ఉండదు. ఈ మాట నేను వేదికల మీద ఎప్పుడూ చెప్పలేదు. నినాదంలో పట్టదు మరి.

నా నినాదాలు నీకు తెలియనివా! "గాలికి యజమాని లేడు." "పొగ మాకు, లాభం మీకా?" రేవు గోడ మీద ఇంకా ఉంది నా రాత. ఆ రోజు నిచ్చెన పట్టుకుంది నువ్వేగా. అన్నీ పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చిన మాటలే, ఒప్పుకుంటాను. అయితే ఏం? ఎత్తుకొచ్చినంత మాత్రాన అబద్ధమైపోతాయా? ఆ బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ మసి మన కిటికీ ఊచల మీద వేలికి అంటుకోవడం లేదూ? లోపల అమ్మ దగ్గు వినపడటం లేదూ? సముద్రంలో రెండో వరస మరలు లేస్తే ఆ పొగగొట్టం మూసేస్తామని రాసిచ్చారు. నాకు కావాల్సింది అదొక్కటే నాన్నా. ప్రపంచాన్ని ఉద్ధరించడం తర్వాతి సంగతి.

అవును, పోయిన సభలో బల్ల గుద్ది చెప్పింది నేనే. "విచారణ రోజున ఈ హాలు కిటికీలోంచి చూడండి, అన్నీ తిరుగుతూ కనపడతాయి" అని. ఎంత తెలివితక్కువ మాట! గాలి లేని రోజైతే బాగున్నవి కూడా ఆగే ఉంటాయి కదా అని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. సరే, ఇవాళ పొద్దెక్కాక గాలి లేచింది. అన్నీ తిరిగాయి. ఏడోది తప్ప.

తాళ్ళకొట్టు బాబాయి ఊరుకుంటాడా? ఆ మరలు వచ్చాక అటు వలలు వెయ్యనివ్వడం లేదని, తన కొట్టు చతికిలబడిందని ఆయన మంట. కళ్ళజోడు సర్దుకుని కిటికీ దగ్గరికెళ్ళాడు. "అమ్మాయ్, ఆ మూలది నిద్రపోతోందా, అలిగి కూర్చుందా?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. తర్వాత ఏ మర ఎన్నాళ్ళు ఆగిందో గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. అన్నీ పొట్టి గీతలు, ఏడోది మాత్రం తాటిచెట్టంత. "ఇదీ వీటి నమ్మకం. ఉన్నవాటినే బాగుచేసుకోలేనివాళ్ళు ఇంకో వరస ఎవరి నెత్తిన రుద్దుతారు?" అన్నాడు. తప్పేం అడిగాడు చెప్పు? ఆయన కుర్చీలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

కొత్తగా వచ్చిన ఇంజనీరు "వాతావరణం అనుకూలించలేదు" అని నసిగాడు. "అదే నీళ్ళలో పక్కదానికి అనుకూలించిందే!" అన్నాడు బాబాయి. నిజమే కదా. విచారణ జరిపే అధికారి నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా, ఆ ఒక్కదానికే ఏమొచ్చింది?"

జవాబు నాకు తెలుసు నాన్నా. ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

మెకానిక్కుగా నీ పడవెక్కిన అన్నయ్య సముద్రంలో పోయాడని ఊరందరికీ తెలుసు. ఏ స్తంభం దగ్గరో ఎవరికి గుర్తు? అప్పటి మెకానిక్కులు ఒక్కరూ లేరిప్పుడు. మిగతా అన్నిటి దగ్గరా నువ్వు 'ఎక్కు' అంటావు. ఇంతకన్నా పెద్ద అల ఉన్నా అంటావు. ఏడోదాని దగ్గరే ఇంజను వెనక్కి తిప్పేస్తావు.

ఆ రోజు కూడా నువ్వు సరిగ్గానే చూశావు. అల పైకొచ్చి ఆగినప్పుడే అన్నావు, 'ఎక్కు' అని. అన్నయ్య కాలు మెట్టు మీద పడింది. జారింది. పడవ కిందికి దిగి మళ్ళీ లేచింది, స్తంభానికీ దానికీ మధ్య... వద్దులే. నీకు నేను చెప్పాలా?

ఆ తర్వాత మనం దాని గురించి మాట్లాడుకోనే లేదు. నువ్వు పడవ పట్టుకున్నావు, నేను మైకు పట్టుకున్నాను.

ఇవాళ ఒక్క మాట అంటే సరిపోయేది. "ఏడోదానికి రోగం లేదండీ. మా నాన్నకే అక్కడ నోరు పెగలదు. ఇంకో సరంగుని పెట్టుకోండి." బాబాయి నోరు మూతపడేది. ఆ పొగగొట్టమూ మూతపడేది. పైగా అదే నిజం! నిజం చెప్పడానికి జంకేవాడు పోరాటానికి పనికిరాడని ఊరూరా ఊదరగొట్టిందాన్ని కదా నేను.

మైకు తీసుకున్నాను. కిటికీలోంచి చూశాను. అంత గాలిలో అదొక్కటే ఉలకదు, పలకదు. అచ్చం నువ్వు అన్నం ముందు కూర్చున్నట్టే ఉంది.

"అది మొదటి నుంచీ నాసిరకం యంత్రమండీ" అన్నాను. "సముద్రంలో వాటిని నమ్ముకోలేం."

బాబాయి చప్పట్లు కొట్టాడు నాన్నా. నా మాటకి! ఇంజనీరేమో చెయ్యి కరిచిన పెంపుడు కుక్కని చూసినట్టు చూశాడు నన్ను.

రెండో వరస లేదు. కొట్టేశారు.

ఏంటి, బూటు కింద పెట్టేశావు? లేవకు. నా దగ్గరికి రాకు, వస్తే ఏడుస్తాను. కూర్చో.

అదిగో, మళ్ళీ దగ్గు. మంచినీళ్ళు నేనిస్తాలే.

నువ్వు రేపు మామూలుగా వెళ్ళు. ముక్కు ఆనించు. మాట రాకపోతే వెనక్కి తిప్పెయ్. ఇంక ఎందుకని ఎవరూ అడగరు.

కిటికీ మూసెయ్యనా? గాలి ఇటు తిరిగినట్టుంది, పొగంతా లోపలికొస్తోంది.